పాస్‌బుక్కులో ఆ 9,600 రూపాయలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బ్యాంకులో ముప్ఫయ్యేళ్లకు పైగా పనిచేసినవాణ్ణి కాబట్టి డబ్బు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. పొదుపు, బీమా, మ్యూచువల్ ఫండ్లు అంటూ మొదలుపెడితే వెనక వరుసలు ఖాళీ అయిపోతాయని నాకు తెలుసు. అందుకని ఒక రూము సంగతి చెబుతాను. మన ఊరి పిల్లలు ఇల్లు వదిలి బయటికి వెళ్లగానే మొదట నేర్చుకునే డబ్బు పాఠం రూములోనే. రూమంటే అమీర్‌పేటలో కావచ్చు, అమెరికాలో కావచ్చు.

ఈ కథలోని మనిషి మన బడివాడే. చెప్పడానికి నాకు అనుమతి ఇచ్చాడు, పేరు మాత్రం చెప్పొద్దన్నాడు. ఈ హాల్లోనే ఉన్నాడు. దయచేసి ఎవరూ వెనక్కి తిరిగి చూడకండి.

అది 1999. మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. నలుగురు కుర్రాళ్లు ఎస్సార్ నగర్‌లో రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. అద్దె 3,200. మూడు నెలల అడ్వాన్సు, అంటే 9,600. తలా 2,400 వేసుకున్నారు. నలుగురిలో ఉద్యోగం ఉన్నవాడు మనవాడొక్కడే కాబట్టి ఇంటి ఓనరు అగ్రిమెంటు అతని పేరునే రాయించాడు. మిగతా ముగ్గురూ పొద్దున కోర్సుకు, సాయంత్రం ఇంటర్వ్యూలకు తిరిగేవాళ్లు. వంట వంతులవారీగా. పప్పుచారు ఎవరి వంతు, గ్యాస్ బండ ఎవరు మార్చాలి అన్న దాని మీద తప్ప వాళ్ల మధ్య మాటా మాటా వచ్చింది లేదు.

డిసెంబరులో ఇల్లు మారారు. పక్కనే వెంగళరావు నగర్. కొత్త ఓనరు ముగ్గురిలో ఒకడికి దూరపు చుట్టం. మావాళ్ల పిల్లలే కదా అని అడ్వాన్సు వద్దన్నాడు. పాత ఓనరు పెద్దమనిషి, సున్నం ఖర్చు కూడా కోసుకోకుండా 9,600కు చెక్కు రాసిచ్చాడు. అగ్రిమెంటు ఎవరి పేరునుందో చెక్కూ వాళ్ల పేరునే. మనవాడికి అప్పుడు నైట్ డ్యూటీ. పగలు నిద్రపోతుంటే రూమ్మేటే స్లిప్పు రాసి అతని ఖాతాలో వేసి వచ్చాడు. డబ్బు వాడి దగ్గరుంది, అవసరానికి తీసుకుందాం అని ముగ్గురూ అనుకున్నారు. పాత అడ్వాన్సు కొత్త ఇంటికి కట్టేసి ఉంటారని మనవాడు అనుకున్నాడు. నలుగురూ ఒకే చాప మీద కూర్చుని అన్నం తింటున్నారు, ఈ మాట మాత్రం ఒకరితో ఒకరు అనుకోలేదు.

సంక్రాంతి ముందు పాస్‌బుక్కు వేయించుకున్నాడు. జీతం 9,500 పడింది. దాని కింద మరో 9,600 జమ. దాని ఎదురుగా క్లియరింగ్ అని తప్ప ఇంకేమీ లేదు. ఉద్యోగం ఖాయమైతే పాత బకాయిలు వస్తాయని ఆఫీసులో అంటూనే ఉన్నారు. ఇవే కాబోలనుకున్నాడు. పండక్కి ఇంటికి కలర్ టీవీ తీసుకెళ్లాడు. వాళ్లమ్మగారు వీధంతా పిలిచి చూపించారట.

ఏప్రిల్‌లో ఒక రూమ్మేటుకు అమెరికా ప్రాజెక్టు వచ్చింది. సూట్‌కేసులు కొనుక్కోవాలి, "అడ్వాన్సు డబ్బు నీ దగ్గరే ఉందిగా, నా 2,400 ఇయ్యరా" అన్నాడు. అప్పుడు మనవాడు బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని పాస్‌బుక్కు తెరిచి చూశాడు. ఉన్నది 1,100.

ఆ తలుపు తీసుకుని బయటికి వచ్చి, "ఒరేయ్, నేను బకాయిలనుకుని టీవీ కొనేశానురా" అని ఉంటే ఏమయ్యేది? ఒక నెలపాటు ఆటపట్టించేవాళ్లు. టీవీ అని పేరు పెట్టేవాళ్లు. మూడు నాలుగు జీతాల్లో తీరిపోయేది. అతను అలా అనలేదు. బ్యాంకులో ఏదో ఆలస్యం అవుతోందన్నాడు. (బ్యాంకు మీద పడేసే అబద్ధాలన్నీ నా సర్వీసంతా నేనే మోశాను, అది వేరే సంగతి.) కోర్సు పిల్లలకు అప్పులిచ్చే ఒకాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 2,400 తెచ్చి మొదటివాడికి ఇచ్చాడు. నూటికి మూడు అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది పిల్లలూ, సంవత్సరానికి లెక్క వేస్తే నూటికి ముప్ఫై ఆరు. జూన్‌లో రెండోవాడు అడిగాడు. ఆ వారమే మనవాడు బట్టలు సర్దుకుని, తాళంచెవి వాచ్‌మన్‌కిచ్చి, బెంగళూరు బస్సెక్కేశాడు.

ఇక ఊళ్లో ఏమనుకున్నారో చెప్పాలా? రూము డబ్బు తినేసి పారిపోయాడన్నారు. ఆ మాట వాళ్ల నాన్నగారికి బజార్లో, నలుగురి ముందు తెలిసింది. ఆయన టీవీకి దుప్పటి కప్పేశారు, ఆ తర్వాత ఆ ఇంట్లో దాన్ని పెట్టినవాళ్లు లేరు. 2002లో మనవాడు మిగిలిన ఇద్దరికీ తలా 2,400కు డీడీలు తీసి పంపాడు. లోపల ఉత్తరం ముక్క లేదు. ఒకడు మార్చుకున్నాడు. రెండోవాడు కోపంతో బీరువాలో పడేశాడు. అప్పట్లో డీడీకి ఆరు నెలల గడువు. మూడు నెలలైంది 2012 నుంచి. ఆరు నెలలూ గడిచిపోయాయి, ఆ కాగితం అలాగే ఉండిపోయింది. డబ్బు వెనక్కి వచ్చినా మాట రాలేదు కదా, అందుకని వాడి కోపం చల్లారలేదు. ఇద్దరూ ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లలేదు.

చాలా ఏళ్ల తర్వాత మనవాడు నా దగ్గరికి ఆ పాత పాస్‌బుక్కు పట్టుకొచ్చాడు. "అన్నయ్యా, ఇది చూసి చెప్పు, నేను దొంగనా?" అని అడిగాడు. నేను చూశాను. ఒకదాని కింద ఒకటి ఆ రెండు జమలు, నూరు రూపాయల తేడాతో. ఎవరైనా పొరపడతారు.

నేను అతనికి చెప్పింది ఇక్కడ మీకూ చెబుతాను, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. మన చట్టాలు రాసినవాళ్లు ఈ రూము సంగతి ముందే ఆలోచించారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 72వ సెక్షను ఉంది. పొరపాటున ఒకరి డబ్బు నీకు వస్తే తిరిగి ఇవ్వాలి, అంతే. అందులో తిట్టు లేదు, శిక్ష లేదు. 1860 నాటి శిక్షాస్మృతి 403వ సెక్షనులో ఒక ఉదాహరణ ఇచ్చారు. ఇప్పటి న్యాయ సంహితలో అది 314. ఇతరుల వస్తువును తనదే అని నిజంగా నమ్మి తీసుకున్నవాడు దొంగ కాడు. పొరపాటు తెలిశాక కూడా, దురుద్దేశంతో దాన్ని తనదిగా వాడుకుంటే అప్పుడు నేరం. అంటే చట్టం గీత గీసింది టీవీ కొన్న రోజు దగ్గర కాదు, పాస్‌బుక్కు తెరిచిన రోజు దగ్గర. మనవాడు ఆ గీత దాటలేదు, అప్పు చేసి మరీ ఇచ్చాడు. కానీ నోరు విప్పకపోవడం వల్ల దాటినవాడిలాగే అందరికీ కనబడ్డాడు. దురుద్దేశం ఉన్నవాడూ మౌనంగానే ఉంటాడు, సిగ్గుపడ్డవాడూ మౌనంగానే ఉంటాడు. బయటివాళ్లు తేడా ఎలా పట్టగలరు?

ఇప్పటి పిల్లలకు పాస్‌బుక్కు లేదు, ఫోను ఉంది. 2016లో యూపీఐ వచ్చాక రూము లెక్కలు క్షణాల్లో తీరిపోతున్నాయి, క్షణాల్లో తప్పిపోతున్నాయి కూడా. ఒకే పేరున్న ఇద్దరిలో వేరేవాడికి అద్దె పంపేశామని బ్రాంచికి పరిగెత్తుకొచ్చేవాళ్లు. పంపినవాళ్ల పొరపాటైతే అవతలివాడు ఒప్పుకోకుండా అతని ఖాతాలోంచి బ్యాంకు తీసివ్వలేదు. అయినా వెంటనే ఫిర్యాదు పెడితే, అడిగితే, ఇచ్చేవాళ్లే ఎక్కువమందిని చూశాను. సిగ్గుపడి వారం ఆగి వచ్చేవాళ్లకే కష్టం, ఈలోపు అవతల అది ఖర్చయిపోతుంది. మోసం జరిగితే 1930కి ఫోను చేయండి, రూమ్మేట్లు నవ్వుతారేమోనని ఆలోచించకండి. డబ్బు రావడానికి పిన్ను కొట్టక్కర్లేదన్న సంగతి తెలియక పోగొట్టుకున్నవాళ్లలో ఇంజనీర్లూ ఉన్నారు.

అమెరికా వెళ్లే పిల్లలకు ఇంకోటి. అక్కడ అపార్ట్‌మెంటు లీజు మీద నలుగురూ కలిసి సంతకం పెడితే సాధారణంగా ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకు పూచీ. నా వాటా నేను కట్టాను అంటే వినరు. ఒకడికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి మధ్యలో వెళ్లిపోతే వాడి వాటా మిగతావాళ్ల నెత్తిన పడుతుంది. డిపాజిట్ అంతా చివరిదాకా ఉన్నవాడి చేతికి రావచ్చు, వెళ్లిపోయినవాడు ఏడాది తర్వాత అడగడానికి మొహమాటపడతాడు. ఎవరు ఎవరికి ఎంత బాకీయో యాప్‌లు చెబుతాయి. ఉమ్మడి డబ్బు ప్రస్తుతం ఎవరి ఖాతాలో కూర్చుందో అవి చెప్పవు. అది మీరే ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. మన ఈ ఉత్సవాల చందాలకు మా కోశాధికారి తన సొంత ఖాతా వద్దని సంఘం పేరున వేరే ఖాతా తెరిపించాడు. ఎంత చాదస్తం అన్నవాళ్లలో కొందరు ఇక్కడే ఉన్నారు, నేను చూస్తున్నాను.

మాస్టార్లకు ఒక మనవి. మాకు చక్రవడ్డీ నేర్పారు, కాలము-పని నేర్పారు, అవి జీవితమంతా తిండి పెట్టాయి. "మీ డబ్బు నా వల్ల ఖర్చయిపోయింది, ఫలానా తేదీలోగా ఇస్తాను" అన్న ఒక్క వాక్యం రాయడం కూడా తెలుగు పీరియడ్‌లో లేఖారచన కింద చేయిస్తే బాగుంటుందని నా ఆశ. సెలవు చీటీ మాకు నిద్రలో కూడా వచ్చేది, ఈ చీటీ ఎవరికీ రాలేదు.

ఆ రెండో డీడీ సంగతి అడుగుతారని తెలుసు. నిరుడు సంఘం పనుల మీద ఆ ఇద్దర్నీ ఒకే కమిటీలో వేశాం, నిజం చెప్పాలంటే కావాలనే వేశాం. మూడో సమావేశానికి రెండోవాడు ఆ పాత కాగితం జేబులో పెట్టుకొచ్చి, "దీన్ని ఇప్పుడేం చేయాలి సార్?" అని నన్నే అడిగాడు. తీసిన ఆయన్నే అడుగు, పక్కనే ఉన్నాడు అన్నాను. వాళ్లిద్దరూ బయట వేపచెట్టు కింద చాలాసేపు నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

కార్యదర్శిగారు చేయి ఊపుతున్నారు, గారెలు చల్లారిపోతాయట. సెలవు.