నాకెందుకొచ్చింది బీపీ?



రోగి చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, "పైది 170, కిందది 100" అని చెప్పగానే చాలామంది నన్ను అడిగే మాట ఒకటే: "నాకెందుకొచ్చిందండీ?" మొన్న ఓపీలో ఒక పెద్దాయన అన్నాడు, "నాకెవరితోనూ గొడవల్లేవు డాక్టరు బాబూ. ఒకరి మీద కోపం తెచ్చుకున్నవాణ్ణి కాదు. మరి నాకెందుకు రావాలి?" జబ్బు వచ్చిందన్న దిగులు కంటే, ఎవరో తన మీద నింద వేసినట్టయిందన్న బాధే ఆయన ముఖంలో ఎక్కువగా కనిపించింది.

ఇందులో మన మాటతీరు తప్పు కొంత ఉంది. "నాకు బీపీ తెప్పించకు" అని ఇంట్లో రోజూ అంటూ ఉంటాం. పైగా మేం వైద్యులం హైపర్‌టెన్షన్ అంటాం, వినేవాళ్ళకు అందులో టెన్షన్ ఒక్కటే వినబడుతుంది. ఆ టెన్షన్ మనసుది కాదు, రక్తనాళం గోడ మీద పడేది. కోపమొస్తే రక్తపోటు కాసేపు ఎగసి దిగుతుంది. ఏళ్ళ తరబడి దిగకుండా నిలబడిపోయే పోటు సంగతి వేరు. ఆ పెద్దాయనకు నేను చెప్పాల్సిన జవాబు నా ఓపీ గదిలో దొరికేది కాదు. రోగి మా దగ్గరికి వచ్చేసరికి కథ సగం నడిచిపోయి ఉంటుంది. మొదటి సగం చూడాలంటే జబ్బు లేనివాళ్ళను పట్టుకుని, పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు వాళ్ళ వెంట నడవాలి. అలా నడిచినవాళ్ళ గురించి, నడవనిచ్చిన జనం గురించి ఇవాళ చెబుతాను.

ఆ నడక మొదలవ్వకముందు పరిస్థితి ఎలా ఉండేదో ముందు చూడండి. 1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టును బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో హోవార్డ్ బ్రూయెన్ అనే యువ గుండె వైద్యుడు పరీక్షించాడు. పోటు 186/108. గుండె అప్పటికే పెద్దదైపోయింది. డిజిటాలిస్ అనే గుండె మందు ఇచ్చారు, ఉప్పు తగ్గించారు, సిగరెట్లు తగ్గించమన్నారు. ఆనాటి వైద్యానికి అంతకంటే పెద్దగా చేతనైంది లేదు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి ఆయన పోయాడు. ఆరోజు చూసిన పోటు 300/190. అప్పటికి వయసు 63.

వైద్యుల నిర్లక్ష్యం అనుకునేరు, కాదు. పోటు పెరగడం చెడ్డదన్న నమ్మకమే ఆ రోజుల్లో బలంగా లేదు. ఇరుకైపోయిన నాళాల్లోంచి రక్తం వెళ్ళాలంటే ఆ తోపు అవసరమేనని పేరున్న వైద్యులే అనుకునేవారు. దానికున్న ఎసెన్షియల్ అన్న విశేషణం కూడా వాళ్ళకు అలాగే వినబడేది. అంటే అత్యవసరమైనది! వయసుకు వంద కలిపితే ఎంతో, అంత ఉండొచ్చు అనేవారు. ఆ లెక్క మన ఊళ్ళలో ఇప్పటికీ నాకు వినబడుతూనే ఉంటుంది.

1948లో అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ గుండె చట్టం మీద సంతకం చేశాడు. అదే ఏడాది బోస్టన్‌కు పడమటగా ఉన్న ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న ఊళ్ళో, జబ్బు లేనివాళ్ళ వెంట నడిచే ఆ పని మొదలైంది. క్షయ మీద అంతకు ముప్పయ్యేళ్ళ ముందే ఒక అధ్యయనానికి సహకరించిన ఊరు అది. 5,209 మంది ఆడామగా పేర్లిచ్చారు. అందులో 740 మంది తమంతట తామే వచ్చినవాళ్ళు. ఇరుగువాళ్ళు పొరుగువాళ్ళకు నచ్చజెప్పి తీసుకొచ్చారు. వాళ్ళకు అక్కడ మందులివ్వరు, వైద్యం చెయ్యరు. రెండేళ్ళకోసారి రావాలి, పోటు చూపించుకోవాలి, రక్తమివ్వాలి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. అంతే. ఏ లాభమూ చేతికందని పనికి మళ్ళీ మళ్ళీ రావడం ఎంత కష్టమో, నెలకోసారి మందులకు కూడా రాలేని మన రోగులను చూసే మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆ అధ్యయనాన్ని నడిపిన థామస్ డాబర్, విలియం కానెల్ ఆ లెక్కలను ఓపిగ్గా పేర్చుకుంటూ వచ్చారు. పోటు ఎక్కువున్నవాళ్ళకు గుండెజబ్బు నాలుగు రెట్ల దాకా ఎక్కువని 1957లో తేలింది. తర్వాత పక్షవాతం సంగతి బయటపడింది. కింది అంకే ముఖ్యం, పై అంకెను వయసుతో పాటు పోనివ్వచ్చు అన్న మాటా నిలబడలేదు. ఒళ్ళు పెరిగినవాళ్ళకు పోటు పెరిగే అవకాశం ఎక్కువని కూడా అక్కడే స్పష్టంగా కనబడింది. 1960ల చివర, చూడాల్సింది చూసేశాం, ఇక చాలని ప్రభుత్వం నిధులు ఆపబోయింది. డాబర్ విరాళాలు పోగుచేసి దాన్ని నిలబెట్టాడు. 1971లో మొదటివాళ్ళ పిల్లలు చేరారు, 2002 నుంచి మనవలు.

ఆ 2002లోనే అక్కడి రామచంద్రన్ వాసన్ బృందం ఒక లెక్క ప్రకటించింది. 55, 65 ఏళ్ళు వచ్చినా బీపీ లేనివాళ్ళలో కూడా పదిమందిలో తొమ్మిదిమందికి మిగిలిన జీవితంలో అది వస్తుంది! మొదటిసారి చదివినప్పుడు నాకు గుండె జారింది. అందరికీ వచ్చేదాన్ని జబ్బనాలా, వయసనాలా?

జవాబు ఆ ఊరి బయట ఉంది. 1988లో అచ్చయిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 32 దేశాల్లో, 52 చోట్ల, పదివేల మందికి పైగా జనం దగ్గర 24 గంటల మూత్రం పట్టి ఉప్పు లెక్కగట్టింది. మన దేశం నుంచి లడఖ్, ఢిల్లీ అందులో ఉన్నాయి. అమెజాన్ అడవుల్లోని యానోమామి జనం ఉప్పు దాదాపు ఎరగరు. వాళ్ళ పోటు సగటున 95/60 చుట్టూ ఉంది. అంతకంటే గొప్ప సంగతి, వయసుతో అది పెరగలేదు. కెన్యాలో లువో తెగవాళ్ళు పల్లె వదిలి నైరోబీకి వెళితే, తొలి నెలల్లోనే పోటు పెరిగింది. తిండిలో ఉప్పు పెరిగింది, పొటాషియం తగ్గింది, ఒళ్ళూ వచ్చింది. అంటే కాలం గడవడం ఒక్కటే కారణం కాదన్నమాట.

జెఫ్రీ రోజ్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1985లో చెప్పిన మాట ఇక్కడ నాకు వెలుగు చూపింది. ఈ మనిషికి ఎందుకొచ్చింది అన్నది ఒక ప్రశ్న, ఈ జనానికి ఎందుకు వస్తోంది అన్నది మరో ప్రశ్న అన్నాడాయన. ఊరంతా ఒకే రకంగా ఉప్పు తింటుంటే, ఆ ఊళ్ళో ఎంతకాలం వెతికినా ఉప్పు చేసే పని సరిగా కనబడదు. వంశం, బరువు, తాగుడు వంటి తేడాలే పైకి తేలతాయి. ఆ పెద్దాయన ప్రశ్నలో "నాకు" తీసేసి "మనకు" అని పెట్టి చూడండి. జవాబు వెతికే చోటే మారిపోతుంది. ఆయన కోపిష్టా, శాంతమూర్తా అన్నది అప్పుడు అసలు విషయమే కాదు.

ఆ "మనకు" అన్నదాన్ని ఫ్రేమింగ్‌హామ్ చెప్పలేదు. అక్కడి మొదటి తరం దాదాపు అందరూ తెల్లవాళ్ళే. మనవాళ్ళ కథ మన పల్లెల్లో వెతకాలి. వెతుకుతున్నారు కూడా, మన ముంగిట్లోనే. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదుకు చేరువలోని 29 పల్లెల్లో ఒక పరిశోధన చేసింది. అంగన్‌వాడీ పథకం అప్పటికే అందిన పల్లెల్లో గర్భిణులకూ బాలింతలకూ పసిపిల్లలకూ రోజూ ఉప్మా పెట్టారు. పథకం ఇంకా చేరని పల్లెలు పోలికకు నిలిచాయి. పదిహేనేళ్ళ తర్వాత ఆ పిల్లలను వెతుక్కుంటూ వెళ్ళారు. 13 నుంచి 18 ఏళ్ళ మధ్యనున్న 1,165 మంది దొరికారు.

ఉప్మా తిన్న పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. వాళ్ళ ధమనుల బిరుసు తక్కువ, ఇన్సులిన్ పనితీరు మెరుగు. పోటులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ ఫలితాన్ని చూసి నిరాశపడ్డవాళ్ళు ఉండవచ్చు, నేను పడలేదు. పదిహేనేళ్ళ వయసుకు పోటు ఏం చెబుతుంది? నాళాలు మెత్తగా ఉన్నాయన్న కబురు ముందు వచ్చింది, పోటు కబురు వెనక రావచ్చు, రాకపోనూవచ్చు. తర్వాత తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ కూడా కలుపుకుని ఆ పని ఇంకా పెద్దదైంది. ఈలోగా నగరం ఆ పల్లెల వైపు జరిగింది, కొట్లు వచ్చాయి, పాకెట్ తిండి వచ్చింది. లువో జనం ఊరు వదిలి నైరోబీకి వెళ్ళారు, ఇక్కడ నగరమే ఊరికి నడిచొచ్చింది.

తల్లి కడుపులో ఉండగా ఆ ఉప్మా అందినవాళ్ళు ఇప్పుడు ముప్పై అయిదుకూ నలభైకీ మధ్యనున్నారు. బీపీ చడీచప్పుడు లేకుండా మొదలయ్యే వయసు అది. ఈసారి పట్టీ చుట్టినప్పుడు పాదరసం ఎక్కడ ఆగుతుందో వాళ్ళ చెయ్యే చెప్పాలి.