బొమ్మను బీరువాలోంచి తీయండి



 ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ సిస్టర్ గారి పూర్తి పేరు ఆహ్వానపత్రం మీద ఉంది. నేను ఆమెను ఎప్పుడూ సిస్టర్ అనే పిలిచాను, ఇవాళా అలాగే పిలుస్తాను. ఆమె సేవల గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు గుర్తున్నవి ఆమె చేతులు. డ్యూటీకి రాగానే వాచీ, గాజులు తీసి జేబులో వేసుకుని, ఊపిరి అందని బిడ్డకు గాలి పట్టే అంబు బ్యాగును ఎడమ అరచేతికి ఆనించి రెండు మూడుసార్లు నొక్కి చూసేవారు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, ఎందుకు సిస్టర్ అని అడిగాను. రాత్రి దీన్ని కడిగి మళ్లీ బిగించింది ఎవరో నాకు తెలీదు కదా డాక్టర్ గారూ అన్నారు. ఆమెకు కోపం ఎక్కువ. ఆవకాయ చాలా బాగా పెట్టేవారు, ప్రతి వేసవిలో మా ఇంటికి ఒక జాడీ వచ్చేది. ఇంతకంటే ఎక్కువ చెప్పను. ఆమె పేరు మీద నాకిచ్చిన గంటను, ఎన్నో ఏళ్లుగా నా తోటి వైద్యులతో నేను పడుతున్న తగవుకు వాడుకుంటాను.

ఆ తగవు, పుట్టగానే ఊపిరి అందుకోని బిడ్డకు ఊపిరి పోయడం గురించి. తెలిసిన సంగతులు త్వరగా దాటేస్తాను. పుట్టిన ప్రతి వంద మంది బిడ్డల్లో ఎనభై అయిదు మంది దాకా తమంతట తామే ఊపిరి అందుకుంటారు. ఇంకో పది మందికి ఒళ్లు బాగా తుడిచి వీపు రుద్దితే చాలు. అంబు బ్యాగుతో గాలి పట్టాల్సిన వాళ్లు ముగ్గురి నుంచి అయిదుగురు. గుండె మీద నొక్కడం, మందు ఎక్కించడం దాకా పోయేది వందలో ఒకరు కూడా ఉండరు. పుట్టగానే బిడ్డ పరిస్థితిని కొలిచే ఆప్గర్ స్కోరు 1953 నుంచి ఉంది. హెన్నింగ్ రూబెన్ అంబు బ్యాగు 1956 నుంచి ఉంది. ఆక్సిజనా, మామూలు గాలా అన్న వాదం ఢిల్లీలో రాంజీ, నార్వేలో సౌగ్‌స్టాడ్ చేసిన పనితో తేలింది. నిండు నెలల బిడ్డకు మామూలు గాలితోనే మొదలుపెట్టమని 2010 మార్గదర్శకాలు చెప్పాయి. ఉమ్మనీటిలో మలం కలిసి, చలాకీగా లేకుండా పుట్టిన బిడ్డకు గొంతులో గొట్టం వేసి పీల్చే ఆనవాయితీని పుదుచ్చేరి జిప్‌మర్‌లోనూ ఢిల్లీలోనూ జరిగిన పరిశోధనలు ప్రశ్నించాయి, 2015 నుంచి అదీ సడలింది. మన సదస్సుల్లో సగం పూట ఇప్పటికీ వీటి మీదే గడుస్తోంది. ఏం చేయాలో మనకు తెలుసు. తెలిసిన పని రాత్రి రెండు గంటలకు, ఒంటరిగా ఉన్న స్టాఫ్ నర్సు చేతుల్లోంచి ఎందుకు రావడం లేదన్నదే నా ప్రశ్న.

దీనికి మన దగ్గర అందరూ ఒప్పుకున్న జవాబు ఒకటి ఉంది: నేర్చుకున్నారు, మరిచిపోయారు, మళ్లీ నేర్పాలి. ఈ జవాబు మీదే మన శిక్షణలన్నీ నిలబడ్డాయి. నేషనల్ నియోనెటాలజీ ఫోరం 1990 నుంచి ఊపిరి పోసే పాఠం దేశమంతా నేర్పింది. 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమం వచ్చింది, రెండు రోజుల శిక్షణ. 2010లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారి హెల్పింగ్ బేబీస్ బ్రీత్ వచ్చింది, ఒక శిశువు బొమ్మ, ఒక బ్యాగు, చిత్రాల చార్టుతో ఎక్కడైనా నేర్పగలిగేలా. ఇవన్నీ మంచి పనులే, నేనూ వాటిలో పాఠాలు చెప్పాను. కానీ హాల్లో శిక్షణ, చివర్లో ధ్రువపత్రం, పైకి పంపే నివేదికలో శిక్షణ పొందినవారి సంఖ్య, కొన్నేళ్లకు రిఫ్రెషర్ అనే చట్రం మాత్రం తప్పు అంటాను. నర్సులు మరిచిపోవడం అసలు కారణం కాదంటాను.

ఎందుకో చెప్పడానికి టాంజానియా ఉత్తర భాగంలో హైడోమ్ అనే పల్లెటూరి ఆస్పత్రికి వెళ్దాం. ఎర్స్‌డాల్ బృందం 2013లో అక్కడి ఫలితాలు రిసస్సిటేషన్ పత్రికలో ప్రచురించింది. సిబ్బందికి హెల్పింగ్ బేబీస్ బ్రీత్ ఒక రోజు నేర్పారు. ఏడు నెలల తర్వాత బొమ్మ మీద పరీక్ష పెట్టారు. ఊపిరి పోసే పరీక్షలో శిక్షణకు ముందు నూటికి 18 మంది నెగ్గగా, ఇప్పుడు 74 మంది నెగ్గారు. ఏడు నెలలైనా గుర్తుందన్నమాట. అదే కాన్పుల గదిలో నిజమైన బిడ్డల దగ్గర ఏం జరిగిందో కూడా చూశారు. గాలి పట్టిన బిడ్డల సంఖ్య మారలేదు. వీపు రుద్ది కదిలించడం అయితే తగ్గింది కూడా. జ్ఞాపకం ఉంది, బొమ్మ దగ్గర చేయి ఆడుతోంది, బిడ్డ దగ్గర ఆడటం లేదు. దీనికి మళ్లీ హాల్లో కూర్చోబెట్టడం ఎలా మందు అవుతుంది?

నా మిత్రులు వెంటనే ఒక వ్యాసం చూపిస్తారు. బెళగావి, నాగపూర్, కెన్యా, ఈ మూడు చోట్ల శిక్షణ పొందినవారిలో ఆరు నెలలకు తెలివిడి నిలిచింది కానీ చేతి నైపుణ్యం తగ్గిందని బంగ్ తదితరులు 2016లో రాశారు. ఒప్పుకుంటాను. చేయి మొద్దుబారుతుంది. కానీ అది ఆరు నెలలకే మొద్దుబారితే రెండేళ్లకోసారి పెట్టే రిఫ్రెషర్ ఏ లెక్కన సరిపోతుంది? ఆ వ్యాసం నా వైపు సాక్ష్యమే.

హైడోమ్ వాళ్లు ఆ చేదు ఫలితాన్ని దాచకుండా అచ్చు వేశారు, ఆ తర్వాత పద్ధతి మార్చారు. బొమ్మను కాన్పుల గదిలోనే పెట్టారు. వారానికోసారి మూడు నుంచి అయిదు నిమిషాలు, డ్యూటీలో ఉన్నవాళ్లే, ఉన్నచోటే అభ్యాసం చేశారు. 2015లో మ్దుమా బృందం ఫలితం రాసింది. కదిలించిన బిడ్డల శాతం 14.5 నుంచి 16.3కు పెరిగింది. బ్యాగు పట్టాల్సి వచ్చినవాళ్లు 7.3 నుంచి 5.9కు తగ్గారు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి పని సరైన సమయంలో చేస్తే రెండో పని అవసరమయ్యేవాళ్లు తగ్గుతారని నేను వాటిని చదువుకుంటాను. మొదటి 24 గంటల్లో చనిపోయినవారు వెయ్యికి 11.1 నుంచి 7.2కు దిగారు. అంతకుముందే 2012లో అదే ఆస్పత్రి నుంచి ఇంకో లెక్క వచ్చింది: బ్యాగు పట్టడం ప్రతి 30 సెకన్లు ఆలస్యమైన కొద్దీ బిడ్డకు ముప్పు 16 శాతం పెరుగుతుంది. మాస్కు కోసం వెతికే అరనిమిషం విలువ అది.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి, రెండూ గట్టివే.

ఒకటి, ఇది ముందూ తర్వాతా పోల్చిన అధ్యయనం, పక్కన పోలికకు వేరే ఆస్పత్రి లేదు, కాలంతోపాటు మారినవి ఎన్నో ఉండొచ్చు. నిజమే. అందుకే 2025లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన సేఫర్ బర్త్స్ అనే కార్యక్రమం ఫలితం ముఖ్యం. టాంజానియాలోని అయిదు ప్రాంతాల్లో 30 ఆస్పత్రులు, ఒక్కో ప్రాంతం వంతు వారీగా కార్యక్రమంలోకి వచ్చింది కాబట్టి పోలికకు చోటుంది. మొదటి రోజు మరణాలు వెయ్యికి 6.4 నుంచి 3.8కు తగ్గాయి. అందులో గుండె చప్పుడు చూపే పరికరాలూ ఉన్నాయి, అభ్యాసం ఒక్కదానికే ఘనత ఇవ్వలేం. కానీ ఆ కార్యక్రమానికి వెన్నెముక ఆస్పత్రి లోపల తరచూ జరిగే అభ్యాసమే. కాఠ్మాండూ ప్రసూతి ఆస్పత్రిలోనూ ఇదే చూశాం. ఆశీష్ కేసీ బృందం అక్కడ శిక్షణతో ఆగలేదు. రోజూ బ్యాగు, మాస్కుతో అభ్యాసం, ప్రతి కాన్పు తర్వాత స్వయంగా నింపుకునే చెక్‌లిస్టు, వారం వారం సమీక్ష పెట్టింది. మొదటి రోజు మరణాలు వెయ్యికి 5.2 నుంచి 1.9కి, పురిటి నొప్పుల వేళ కడుపులోనే పోయే బిడ్డలు 9.0 నుంచి 3.2కి తగ్గారు.

రెండో అభ్యంతరం బెళగావి. గౌదర్ బృందం 2013లో రాసిన వ్యాసంలో 599 మందికి శిక్షణ ఇచ్చాక కూడా నవజాత శిశు మరణాలు 1.8 శాతం నుంచి 1.9 అయ్యాయి తప్ప తగ్గలేదు. కనుక ఊపిరి పోసే శిక్షణ దండగ, ఆ డబ్బు నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగాలైన ఎస్‌ఎన్‌సీయూలకు పెట్టండి అంటారు. అదే పట్టికలో పై వరుస చదవమని నేను అడుగుతాను. ఒళ్లు తాజాగా ఉండి, ప్రాణం లేకుండా పుట్టారని రాసిన బిడ్డలు 1.7 శాతం నుంచి 0.9కి తగ్గారు. దాదాపు సగం. ఈ బిడ్డలు ఎక్కడికి పోయారు? వాళ్లలో చాలామంది గుండె కొట్టుకుంటూ, ఊపిరి లేక నీలంగా పుట్టినవాళ్లు. ఇదివరకు వాళ్లను గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, చనిపోయి పుట్టిందని రిజిస్టర్లో రాసేవారు. ఇప్పుడు వాళ్లకు బ్యాగు పట్టారు. వాళ్లు బతికి పుట్టినవారి లెక్కలోకి వచ్చాక చనిపోయి ఉంటే, నవజాత మరణాలు బాగా పెరిగి ఉండాలి. పెరగలేదు. అంటే వాళ్లలో ఎక్కువ మంది బతికారు. ఆ బిడ్డల్ని లెక్కలో చేర్చకుండా శిక్షణ విఫలమైందనడాన్ని నేను ఎప్పటికీ ఒప్పుకోను. ఆ తర్వాత 2016లో వచ్చిన బెల్లద్ వ్యాసం మార్పు కనిపించలేదంది. కానీ అక్కడ శిక్షణ ఆస్పత్రుల్లో ఇచ్చి, ఫలితాన్ని శిక్షణ అందని కాన్పులతో సహా ప్రాంతం మొత్తం జననాల్లో కొలిచారు.

రోజూ కాన్పులు చేసేవాళ్లకు బొమ్మ మీద అభ్యాసం దేనికి అన్నది అందరికంటే సీనియర్ వైద్యులు వేసే ప్రశ్న. లెక్క వేయండి. నెలకు 20 కాన్పులు జరిగే పీహెచ్‌సీలో ఏడాదికి 240 మంది పుడతారు. బ్యాగు అవసరమయ్యేవాళ్లు వందకు నలుగురనుకుంటే పది మంది. నలుగురు నర్సులు షిఫ్టులు పంచుకుంటే ఒక్కొక్కరికి ఏడాదికి ఇద్దరో ముగ్గురో. నాలుగైదు నెలలకోసారి మాత్రమే చేసే పనిని, ఒక నిమిషంలో, తప్పు లేకుండా చేయాలి. పెద్దాస్పత్రిలో కాన్పులు వేలల్లో ఉంటాయి, కానీ బిడ్డ ఏడవలేదనగానే బ్యాగు పీజీ డాక్టరు చేతికి పోతుంది, నర్సు పక్కన నిలబడుతుంది. ఆ నర్సే బదిలీ మీద ఏరియా ఆస్పత్రికి వెళ్తే అక్కడ పీజీ ఉండడు. కచేరీలు లేని నెలల్లో మృదంగ విద్వాంసుడు సాధకం మానేయడు.

నర్సుల వల్ల కాదు, అది డాక్టరు పని అనేవారికి గడ్చిరోలి సంగతి చెబుతాను. ప్రాణహితకు అవతలి గట్టున, మన ఆసిఫాబాద్, మంచిర్యాల జిల్లాలకు ఎదురుగా ఉన్న జిల్లా అది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అక్కడ కొద్దిపాటి బడి చదువున్న పల్లె ఆడవాళ్లకు ఇంట్లో జరిగే కాన్పుల దగ్గర ఊపిరి పోయడం నేర్పారు. ఊపిరి అందక పోయే బిడ్డల మరణాలు 65 శాతం తగ్గాయని 2005లో రాశారు. ఆ ఆడవాళ్లను ఒకసారి నేర్పి వదిలేయలేదు, పర్యవేక్షకులు మళ్లీ మళ్లీ వాళ్ల ఊళ్లకే వెళ్లారు.

మన దగ్గర బొమ్మలు లేకపోలేదు. నేను వెళ్లిన చాలా ఆస్పత్రుల్లో బొమ్మ ఉంది. స్టోరు బీరువాలో, అట్టపెట్టెలో, ప్లాస్టిక్ కవరు తీయకుండా ఉంది. తాళం హెడ్ సిస్టర్ దగ్గర ఉంటుంది, పోతే జీతంలో కోత పడుతుందని భయం. ఆ భయం ఆమె తప్పు కాదు. స్టాకు రిజిస్టర్లో వస్తువుగా రాసినంత కాలం బొమ్మ భద్రంగా ఉంటుంది, చేతులు మొద్దుబారుతుంటాయి.

ప్రస్తుతం నేను చేస్తున్న పని ఇదే. రెండు ఏరియా ఆస్పత్రుల్లో సిస్టర్లతో కలిసి, బొమ్మను, బిడ్డను వెచ్చగా ఉంచే వార్మరు పక్కన బల్ల మీద గొలుసు లేకుండా పెట్టాం. షిఫ్టు మారేటప్పుడు వెళ్లేవారూ వచ్చేవారూ కలిసి మూడు నిమిషాలు గడుపుతారు. ముందు బ్యాగు పరీక్ష: అరచేతికి ఆనించి నొక్కితే ఒత్తిడి తగలాలి, గట్టిగా నొక్కితే వాల్వు తెరుచుకోవాలి. కడిగాక వాల్వు తిరగేసి బిగించడం ఎంత తరచుగా జరుగుతుందో అక్కడ పనిచేసేవారికి తెలుసు. తర్వాత తల నిలిపే తీరు, గడ్డం ముక్కు మీద మాస్కు గాలి పోకుండా ఆనడం, ఛాతీ లేస్తోందా లేదా చూడటం, నిమిషానికి 40 నుంచి 60 సార్లు నొక్కడం. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూసి, బిడ్డ పుట్టాక మొదటి గాలి ఎప్పుడు పడిందో ఒక చీటీ మీద రాస్తారు. నిజమైన బిడ్డ దగ్గరా అంతే. ఆ చీటీ సూపరింటెండెంట్‌కు గానీ కలెక్టర్ సమీక్షకు గానీ వెళ్లదని ముందే రాతపూర్వకంగా ఒప్పించాం. వెళ్తుందని తెలిస్తే ప్రతి చీటీలోనూ అరవై సెకన్ల లోపే కనిపిస్తుంది.

దీనికి తోడు సిస్టర్లే రాస్తున్న చిన్న తెలుగు పుస్తకం ఒకటి ఉంది. అందులో పుట్టగానే ఏడవలేదు, ఉమ్మనీరు తాగేసింది అని ఇంటివాళ్లు అనే మాటలకు ఏం జవాబివ్వాలో కూడా ఉంది, ఎందుకంటే ఆ నిమిషంలో తలుపు బయట నిలబడి తలుపు కొట్టేదీ వాళ్లే.

ధర్మనిధి కమిటీ వారికి ఒక వినతి. నిధి వడ్డీతో ఏటా ఉపన్యాసం, శాలువా, ఉపన్యాసపు పుస్తకం అచ్చు జరుగుతున్నాయి. వచ్చే ఏడాది నుంచి అందులో సగం పక్కన పెట్టి, జిల్లాలో కాన్పులు జరిగే ప్రతి చోటుకూ సున్నా సైజు, ఒకటో సైజు మాస్కులు రెండేసి జతలు, విడి వాల్వులు, అభ్యాసంలో పాడైన బొమ్మకు మార్పిడి కొనివ్వండి. పోయిన బొమ్మకు నర్సు జీతంలో కోత పడదని ఒక కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని బొమ్మ పక్కనే గోడకు అంటించండి. నాకిచ్చిన శాలువా ఖర్చుతో మొదలుపెట్టవచ్చు, దాన్ని నేను తీసుకెళ్లడం లేదు. హాలు వెనక బల్ల మీద రెండు బొమ్మలు, నాలుగు బ్యాగులు ఉంచాను. భోజనాలకు వెళ్లే ముందు ఒక్కొక్కరూ మూడు నిమిషాలు ఆగండి, డాక్టర్లు ముందు రండి.