ఈఈజీ నార్మల్ అంటే ఫిట్స్ లేనట్టేనా?

మన అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఎవరికైనా ఫిట్స్ వస్తే ముందు చేతిలో తాళాలు పెడతారు. వాటివల్ల ఫిట్స్ ఆగవండి. తర్వాత ఈఈజీ తీయిస్తారు. రిపోర్ట్ నార్మల్ వస్తే "ఏమీ లేదంట" అని మాత్రలు ఆపేస్తారు. అసలు ప్రమాదం ఇక్కడే.

మెదడు కణాలు కరెంటుతో మాట్లాడుకుంటాయి. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు కరెంటుని రికార్డు చేశారు. మామూలు ఈఈజీ తీసేది దాదాపు అరగంటే. ఒక్కసారి వలేస్తే చేప పడలేదని గోదాట్లో చేపలే లేవంటామా?

అందుకే అంబులేటరీ ఈఈజీ ఉంది. తలకి ఎలక్ట్రోడ్లు అంటించి, నడుముకి చిన్న రికార్డర్ కట్టి ఇంటికి పంపిస్తారు. ఒక రోజు నుంచి మూడు రోజుల దాకా రికార్డవుతుంది. తినొచ్చు, చదువుకోవచ్చు, పడుకోవచ్చు. తలస్నానం మాత్రం వద్దు. ఏ టైంకి ఏం చేశారో రాసుకోవాలి. ఎందుకంటే అన్నం నమిలినా ఆ గీతలు మారతాయి.

మీ ఫోన్ కూడా పనికొస్తుంది. ఫిట్స్ వస్తే మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. ఇంకొకరు వీడియో తీయండి. అది డాక్టర్‌కి చూపించడానికే, గ్రూపుల్లో పెట్టడానికి కాదు. ఐదు నిమిషాలు దాటితే 108కి కాల్ చేయండి.

డాక్టర్ చెప్పకుండా మాత్రలు ఆపొద్దు. డాక్టర్ సరే అనేదాకా ఒంటరిగా కాలవలో దిగొద్దు, కొబ్బరిచెట్టు ఎక్కొద్దు, బండి తీయొద్దు. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే ఈ మాట ఈరోజే చెప్పండి. ఉంటానండి.