జొన్నరొట్టె నేర్పిన పాఠము



ఈ నాందేడులో ఇరువదియేండ్లుగా మేము జొన్నపిండి అమ్ముచున్నాము. "రొట్టె విరుగుచున్నది, షావుకారుగారూ" అని తల్లులెవరైన అనినచో, "లోపము పిండిలో లేదమ్మా, చేతిలో ఉన్నది" అని పంపివేసెడివారము.

నిరుడు ఇల్లాలు జబ్బుపడగా మేమే పొయ్యికడ కూర్చుంటిమి. మరిగిన నీళ్లు పోసి ఎంత మర్దించినను రొట్టె అంచులు విచ్చిపోయెను. మా తల్లిగారు చిటికెడు పిండి నాలుకపై వేసుకొని, "చేదెక్కినది నాయనా, విసరి ఎన్నాళ్లయినది?" అనిరి. ఆ పిండి మా అంగడిదే! గోధుమకుండు జిగట జొన్నకు లేదు. పిండి తాజాగా ఉన్ననే రొట్టె నిలుచును. నాటినుండి విసరిన తేదీ సంచిపై వ్రాయుచున్నాము. పాతబడినది అమ్ముట లేదు.

1708లో గురు గోవిందసింహులు దేహము చాలించిన మన హజూర్ సాహిబ్‌లో భక్తులు స్వహస్తములతో రొట్టెలు కాల్చి, ఎల్లరకు ఒకే పంక్తిలో పెట్టుదురు. అచట పెక్కుమార్లు భుజించితిమి. పరులకిచ్చునది ముందు మన చేత, మన నోట పరీక్షింపబడవలెనని మాత్రము మా పొయ్యికడనే తెలిసినది.

సోదరులారా, వారమున కొకపూటయైన పొయ్యికడ కూర్చుండుడు. ఆత్మపరిశీలనకు అదియు తగిన చోటే. ఆనాడు మేము తప్పుపట్టిన తల్లులను ఈ సభాముఖమున క్షమింపవేడుచున్నాము.