హామిల్టన్‌లో ఏం జరిగింది?



స్కాట్లాండ్‌లో హామిల్టన్ అనే పార్లమెంటు నియోజకవర్గం ఉండేది. 1918లో ఏర్పడి 1997లో రద్దయింది. మొదటి నుంచీ లేబర్ పార్టీ కంచుకోట. 1966లో అక్కడ పోటీకే దిగని స్కాటిష్ నేషనల్ పార్టీ, 1967 నవంబర్ 2 ఉపఎన్నికలో 18,397 ఓట్లతో గెలిచింది. అభ్యర్థి విన్నీ యూయింగ్, గ్లాస్గో న్యాయవాది. మెజారిటీ 1,799. 2006 కరీంనగర్ ఉపఎన్నికలో రెండు లక్షలు దాటిన మెజారిటీ చూసిన మనకు ఇది చిన్నగనే కనిపిస్తది. కానీ లండన్ ఉలిక్కిపడింది.

ఉలిక్కిపడ్డ పాలకులు ఏం చేస్తారు? కమిషన్ వేస్తారు! ఈ విద్య మనకు కొత్త కాదు. 1969లో వేసిన కమిషన్ 1973లో స్కాట్లాండ్‌కు సొంత శాసనసభ ఉండాలన్నది. 1979లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఓటేసినవాళ్లలో 51.6 శాతం అవునన్నారు. అయినా ఇవ్వలేదు. మొత్తం ఓటర్లలో 40 శాతం అవునంటేనే చెల్లుతుందని ముందే మెలిక పెట్టారు మరి. అంటే ఇంట్ల కూసున్నోడు, జాబితాలో పేరు మిగిలిపోయిన చచ్చినోడు కూడా వద్దన్నట్టే లెక్క! దీన్ని మేం దగా అనే అంటాం.

యూయింగ్ 1970లోనే హామిల్టన్‌లో ఓడిపోయారు. 1978 ఉపఎన్నికలోనూ ఆ పార్టీకి అక్కడ ఓటమే. సీటు పోయింది, డిమాండ్ పోలేదు. 1997లో 74.3 శాతం అవునన్నారు. 1999 మే 12న కొత్త పార్లమెంటు తొలి సమావేశంలో, అందరికన్నా పెద్ద వయసు సభ్యురాలిగా అధ్యక్ష స్థానంలో కూర్చున్నది ఎవరు? అదే విన్నీ యూయింగ్. 1707 మార్చి 25న వాయిదాపడ్డ స్కాట్లాండ్ పార్లమెంటు మళ్లీ సమావేశమైందని ఆమే ప్రకటించారు.

పూర్తి స్వాతంత్య్రాన్ని మాత్రం 2014 సెప్టెంబర్‌లో 55 శాతం మంది వద్దన్నారు. మన రాష్ట్రం వచ్చి అప్పటికి మూడున్నర నెలలు.