గడపకు యజమాని ఎవరు?

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన విద్యాసదస్సులోని ప్రసంగ పాఠం)



సోలాపురంలో కంప్యూటరును గురించి ప్రసంగించవలసి వచ్చినప్పుడు మగ్గంతో ప్రారంభించడమే న్యాయం. తెలంగాణ నుండి తరతరాల క్రితం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు నేత కుటుంబాల పిల్లలకు జకార్డు అట్టలు కొత్త కావు. చాదరు మీద పువ్వు ఎక్కడ విచ్చుకోవాలో అట్టకు పొడిచిన రంధ్రాలు మగ్గానికి చెబుతాయి. రంధ్రం ఎదురైతే సూది లోనికి దూరుతుంది, దాని పడుగు పోగు పైకి లేస్తుంది. రంధ్రం లేనిచోట సూది వెనుకకు జరుగుతుంది, పోగు లేవదు. నమూనా గీసేవారు ఒకరు, అట్టలు కొట్టేవారు ఒకరు, మగ్గం నడిపేవారు ఇంకొకరు. ఆ ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూడకపోయినా పువ్వు పూస్తుంది. ఫ్రాన్సులోని లియాన్ నగరవాసి జోసెఫ్ మరీ జకార్డు 19వ శతాబ్ది ఆరంభంలో ఈ సాధనాన్ని నిర్మించాడు. 1806లో ఆ దేశ ప్రభుత్వం దానిని ప్రజల సొత్తుగా ప్రకటించి, ఆయనకు పింఛనును, యంత్రానికి ఇంత చొప్పున ప్రతిఫలాన్ని ఏర్పాటు చేసింది. లియాన్ నేతగాండ్రు మొదట్లో ఆ మగ్గాన్ని పగబట్టి చూశారన్నది వేరే కథ. ప్రభుత్వం చేసిన ఆ ఏర్పాటును మాత్రం మనసులో ఉంచుకుంటే తక్కిన ప్రసంగం సులభంగా బోధపడుతుంది.

కంప్యూటరు పరిభాషలో ఇంటర్‌ఫేస్ అనే మాట ఒకటి కలదు. మన ఇళ్లలో దానికి సరితూగేది గడప. లోపల ఏయే గదులు ఉన్నాయో వచ్చినవారికి తెలియనక్కరలేదు. ఎక్కడ అడుగు పెట్టాలో తెలిస్తే చాలు. మనిషి యంత్రంతో వ్యవహరించే గడప ఒకటి: తెర మీది బొమ్మలు, మెనూలు, మౌసు, మీటలు. ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రాము చేత పని చేయించుకొనే గడప ఇంకొకటి. ఈ రెండవది ప్రోగ్రాములు వ్రాసేవారికి తప్ప ఇతరుల కంట పడదు. ఫలానా పేరుతో పిలిచి, ఫలానా వివరాలు ఫలానా వరుసలో అందిస్తే ఫలానా సమాధానం వస్తుందన్న ఒడంబడిక అది. ఈ గడపలను కల్పించినవారు ఎవరు, వారికి దక్కినదేమిటి, వాటిని దాటడం నేర్చుకున్నవారికి హక్కేమైనా ఉన్నదా అన్నదే నేటి ప్రసంగ విషయం.

అమెరికాలో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో పనిచేసిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1960ల నడుమ మౌసును ఊహించగా, ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ దానిని తయారు చేశాడు. చిన్న కొయ్య పెట్టె, అడుగున ఒకదానికొకటి అడ్డంగా అమర్చిన రెండు చక్రాలు, పైన ఒక మీట - అంతే. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సమావేశంలో సుమారు వేయిమంది ఎదుట ఆయన గంటన్నర సేపు మౌసుతో తెరపై వాక్యాలను దిద్ది చూపించాడు. ఒక మాట నుండి మరొక పత్రానికి దారి తీసే లంకెలను, దూరాన ఉన్న సహచరునితో ఒకే తెరపై కలిసి పనిచేయడాన్ని కూడ ఆనాడే ప్రదర్శించాడు. మౌసుకు పేటెంటు 1970 నవంబరులో లభించింది. పదిహేడేళ్లకు, 1987లో, గడువు తీరింది. మౌసు ఇంటింటికీ చేరినది ఆ తరువాతి కాలంలోనే. పరిశోధన సంస్థ దానిని ఆపిల్ కంపెనీకి సుమారు 40 వేల డాలర్లకు అనుమతించిందని ఎంగెల్‌బార్ట్ తరువాత చెప్పుకొన్నాడు. ఆయనకు 1997లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. గౌరవం ఆలస్యంగానైనా అందింది గాని, జకార్డుకు దొరికినట్టు యంత్రానికి ఇంత అన్న ఏర్పాటు ఆయనకు దొరకలేదు.

కత్తిరించడం, నకలు తీయడం, అతికించడం - ఈ మూడు ఆజ్ఞలు ఈనాడు సెల్‌ఫోను పట్టిన పసివాడికి కూడ తెలుసు. ఇవి పుట్టిన చోటు ఉపాధ్యాయులకు సంతోషం కలిగించేది. జిరాక్స్ కంపెనీకి పాలో ఆల్టోలో పరిశోధనాలయం ఉండేది. అదే కంపెనీ చేతిలో జిన్ అనే పాఠ్యపుస్తక ప్రచురణ సంస్థ ఉండేది. ఆ సంస్థ సంపాదకుల కోసం లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు 1970ల నడుమ జిప్సీ అనే ప్రోగ్రాము వ్రాశారు. సంపాదకులు వ్రాతప్రతిని కత్తెరతో కత్తిరించి, జిగురుతో మరొక చోట అతికిస్తూ ఉండేవారు. ఆ చేతిపనినే తెర మీదకు తెచ్చారు. అంతకు ముందరి ప్రోగ్రాములలో అక్షరాలు టైపు చేయడానికి ఒక స్థితి, దిద్దడానికి మరొక స్థితి ఉండేవి. ఏ స్థితిలో ఉన్నామో మరచి మీట నొక్కితే వ్రాసినదంతా చెల్లాచెదురయ్యేది. తప్పు వాడేవారిది కాదు, గడపది అని టెస్లర్ జీవితాంతం వాదించాడు. 2020లో ఆయన మరణించేనాటికి ఆ మూడు ఆజ్ఞలకు యజమాని ఎవరని అడిగేవారే లేరు.

అన్ని గడపల కథా ఇంత శాంతంగా సాగలేదు. హార్వర్డులో వ్యాపార విద్య అభ్యసిస్తున్న డాన్ బ్రిక్లిన్, ఆచార్యుడు నల్లబల్లపై వ్రాసిన లెక్కల పట్టికలో ఒక్క అంకె మారితే ఎన్నో గళ్లు చెరిపి మళ్లీ వ్రాయవలసి రావడం చూశాడు. తనంతట తానే లెక్క సవరించుకొనే పట్టిక ఉంటే బాగుండునని తలచి, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో విసికాల్క్ వెలువరించాడు. ఆ రోజులలో సాఫ్ట్‌వేరుకు పేటెంటు రావడం దుర్లభమని న్యాయవాదులు చెప్పగా దరఖాస్తు చేయలేదు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 ఆ బాటలోనే నడచి విసికాల్క్‌ను మించిపోయింది. గుమాస్తాలు, పద్దులు వ్రాసేవారు లోటస్ ఆజ్ఞలను కంఠస్థం చేశారు. తమ పనికి తగినట్టు ఆ ఆజ్ఞలను వరుసగా కూర్చి చిన్న చిన్న యాంత్రిక సూచనలు కూడ వ్రాసి పెట్టుకున్నారు.

తరువాత బోర్లాండ్ అనే కంపెనీ మరొక పట్టికల ప్రోగ్రాము తయారుచేసి, లోటస్‌కు అలవాటు పడినవారి సౌకర్యార్థం లోటస్ మెనూలనే యథాతథంగా అందించింది. యాభైకి పైగా మెనూలు, 469 ఆజ్ఞలు. పేర్లు అవే, వరుస అదే. లోపలి ప్రోగ్రామును మాత్రం సొంతంగా వ్రాసింది. లోటస్ 1990లో దావా వేసి క్రింది కోర్టులో గెలిచింది. 1995 మార్చిలో బోస్టన్‌లోని అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును త్రోసిపుచ్చింది. వీడియో యంత్రం మీద ఆడించు, ఆపు, వెనుకకు త్రిప్పు అన్న మీటలు ఎలాంటివో మెనూ ఆజ్ఞలూ అలాంటివే, అవి యంత్రాన్ని నడిపే విధానం గనుక కాపీరైటుకు లోబడవని అన్నది. ఆ ధర్మాసనంలోని న్యాయమూర్తి మైకేల్ బౌడిన్ వేరుగా వ్రాసిన అభిప్రాయం విద్యారంగంలోని వారు చదువదగినది. ఆజ్ఞలు నేర్చుకోవడానికి శ్రమపడినవారు వాడుకరులు. మరొక మంచి ప్రోగ్రాము వచ్చినా, నేర్చుకున్నది వృథా అవుతుందన్న భయంతో వారు పాతదానికే బందీలుగా ఉండడం సబబా అని ఆయన ప్రశ్న. 1996 జనవరిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 4-4గా చీలిపోగా అప్పీలు తీర్పే నిలిచింది. చట్టపరంగా దీనిలో వాదప్రతివాదాలు ఎన్ని ఉన్నా, నేర్చినవారి శ్రమ న్యాయస్థానపు త్రాసులో ఒక తూకపురాయి కావడం చిన్న విషయం కాదు.

రెండవ రకపు గడప మీద వివాదం ఇంతకంటె దీర్ఘమైనది. సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో ప్రకటించిన జావా భాషలో సిద్ధంగా ఉంచిన పనిముట్లు వేలకొలది. రెండు అంకెలలో పెద్దది ఏదో చెప్పు అన్నంత చిన్నవి మొదలు ఎంతో క్లిష్టమైనవాటి వరకు వాటిలో ఉన్నాయి. ప్రతిదానికి ఒక పేరు, ఒక పిలుపు పద్ధతి. గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం అటువంటి 37 సంపుటాలలోని పిలుపులను, సుమారు 11,500 పంక్తులను, ఉన్నవి ఉన్నట్టు తీసుకొని, వాటి వెనుక జరిగే పనిని తానే కొత్తగా వ్రాసుకొన్నది. జావా ఎరిగిన ప్రోగ్రామర్లు మళ్లీ ఓనమాలు దిద్దకుండా ఫోన్లకు ప్రోగ్రాములు వ్రాయగలగాలన్నది ఉద్దేశం. 2010లో సన్‌ను కొన్న ఒరాకిల్ కంపెనీ అదే ఏడాది దావా వేసింది. గెలుపు ఒకసారి ఇటు, ఒకసారి అటు మొగ్గుతూ పదేళ్లకు పైగా సాగి, 2021 ఏప్రిల్ 5న అమెరికా సుప్రీంకోర్టు 6-2 ఆధిక్యంతో గూగుల్ వాడకం న్యాయసమ్మతమని తీర్పు ఇచ్చింది. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి బ్రేయర్ ఈ చిక్కు విషయాన్ని వంటతో పోల్చి వివరించాడు: ఏ బీరువాలో, ఏ సొరుగులో, ఏ వంటకపు చీటీ ఉన్నదో చెప్పి తెప్పించుకోవడం వేరు, ఆ వంట వండడం వేరు. అసలు పిలుపులకు కాపీరైటు ఉన్నదా లేదా అన్న మూలప్రశ్నను మాత్రం ఆ తీర్పు తేల్చలేదు. భిన్నాభిప్రాయం వ్రాసిన న్యాయమూర్తి థామస్ ఆక్షేపణలలో అదొకటి. ఆ ఆక్షేపణలో బలం ఉన్నదనే చెప్పాలి. పిలుపులకు పేర్లు కుదర్చడం కూడ మేధాశ్రమే; మంచి పేరు పెట్టడం ఎంత కష్టమో వ్యాసాలు దిద్దే ఉపాధ్యాయులకు తెలియనిది కాదు.

మన దేశంలో కంప్యూటరు ప్రోగ్రాములు 1984 సవరణతో కాపీరైటు చట్టపు నీడకు వచ్చాయి. ఒక ప్రోగ్రాము మరొకదానితో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారాన్ని రాబట్టుకోవడం నేరం కాదని 1999 సవరణ పలికింది. ప్రోగ్రాము కేవలం ప్రోగ్రాముగా పేటెంటుకు అర్హం కాదని 2002 పేటెంటు సవరణ నిర్దేశించింది.

ఇక మన అక్షరాల సంగతి. టైపు యంత్రం పోయి కంప్యూటరు అచ్చు వచ్చిన తొలి రోజులలో తెలుగు అక్షరాలకు ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క అమరిక. ఒకరి ఫాంటుతో కూర్చిన పుటను మరొకరి యంత్రంలో తెరిస్తే అక్షరాలకు బదులు గజిబిజి గుర్తులు ప్రత్యక్షమయ్యేవి. ఆ కాలపు సంచికలు ఎన్నో కాగితంపై భద్రంగా ఉండి, కంప్యూటరులో చదువవీలు లేకుండా పోయాయి. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికను ప్రమాణంగా ప్రకటించింది. అది 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించిన అక్షర సంకేత ప్రమాణంలో చేరింది. అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులలో అధికభాగం కుడిచేతి వైపు. తెలుగైనా, కన్నడమైనా, ఒడియా అయినా, మరాఠీ అయినా 'క' ఉన్నది ఒకే మీట మీద.

1991లోనే వెలువడిన యూనికోడ్ ఈ పొందికనే లోపలి సంకేతాలకు తీసుకొన్నది. దేవనాగరికి, తెలుగుకు, కన్నడానికి, తమిళానికి, ఒడియాకు తలా 128 స్థానాల వరుస ఇచ్చి, ప్రతి వరుసలోనూ 'క'ను 22వ స్థానంలో కూర్చోబెట్టింది. తమిళ లిపిలో ఖ, గ, ఘ లేవు గనుక ఆ వరుసలో ఆ మూడు ఆసనాలు ఖాళీగానే ఉంచారు. పంక్తిభోజనంలో రాని బంధువు విస్తరి తీయనట్టు! ఈ వరుసకు మూలం క, ఖ, గ, ఘ, ఙ అన్న వర్ణక్రమం. దానికి పేటెంటు లేదు, పుచ్చుకున్నవారూ లేరు.

ఈ రోజులలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసేవారే అధికం. అందులో తప్పేమీ లేదు. కాని పరభాషా రాష్ట్రంలో నివసించే తెలుగు పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ వల్ల వేరొక లాభం ఉన్నది. తెలుగు పాఠం టైపు చేస్తూ ఆ అమరిక నేర్చిన విద్యార్థిని, పెద్దయ్యాక మహానగరపాలిక కార్యాలయంలో మరాఠీ అర్జీ టైపు చేయవలసి వస్తే, భాషను మార్చే మీట ఒక్కటి నొక్కుతుంది. కుడిచేతి మధ్యవేలు దానంతట అదే 'క' మీద వాలుతుంది. 'ల' మీటనే షిఫ్టుతో నొక్కితే 'ళ' వస్తుంది, అక్కడా ఇక్కడా.