కాల్షియం ఎముకలకు మాత్రమేనా?
(గర్భిణీ స్త్రీల కుటుంబ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



కాల్షియం అనగానే మనకు ఎముకలు, పళ్లు, పాలు గుర్తుకొస్తాయి. కానీ ఎముకలు ఇంకా ఏర్పడకముందే, బిడ్డ ఒకే ఒక్క కణంగా ఉన్నప్పుడే కాల్షియం పని మొదలవుతుంది.

వీర్యకణం కలవగానే అండం లోపల దాగి ఉన్న కాల్షియం విడుదలై అలలాగా వ్యాపిస్తుంది. ఇక ఎదగడం మొదలుపెట్టమని అండానికి అందే సంకేతం అదే. 1978లో శాస్త్రవేత్తలు మెడాకా అనే చిన్న చేప గుడ్డులో ఈ అలను చూపించారు. జెల్లీఫిష్‌లో దొరికే ఎక్వోరిన్ అనే ప్రొటీన్ కాల్షియం తగిలితే వెలుగుతుంది. దాన్ని గుడ్డులోకి ఎక్కించి చూస్తే, వెలుగు ఒక కొస నుంచి రెండో కొసకు పాకింది. మనుషుల అండంలోనైతే ఇలాంటి అలలు కొన్ని గంటలపాటు మళ్లీ మళ్లీ వస్తాయి.

ఆ తరువాత కూడా ఈ పని ఆగదు. మెదడు, వెన్నుపాము ఒక గొట్టం నుంచి తయారవుతాయి. కప్ప పిండాలలో ఆ గొట్టం మూసుకునేటప్పుడు కణాలు ముడుచుకోవడానికి కాల్షియం సంకేతాలు తోడ్పడతాయని పరిశోధనలు తెలిపాయి. స్కానింగ్‌లో మీరు చూసే బిడ్డ గుండె ప్రతిసారి కొట్టుకోవడానికీ కాల్షియమే కావాలి.

ఇప్పుడు అసలు విషయం. ఈ సంకేతాలకు వాడే కాల్షియాన్ని కణాలే సర్దుకుంటాయి. నిన్న మాత్ర మరిచిపోయినంత మాత్రాన అవి ఆగిపోవు. కాబట్టి గర్భం నిలవకపోయినా, బిడ్డకు లోపం ఉందని తెలిసినా, "పాలు తాగమంటే విన్నావా?" అని ఆ తల్లిని నిందించకండి. అది నిజం కాదు, పైగా ఆమె బాధను రెట్టింపు చేస్తుంది.

మరి మాత్రలు ఎందుకంటారా? బిడ్డ ఎముకలు గట్టిపడటానికి, తల్లి ఎముకలు కాపాడుకోవడానికి. ఆహారంలో కాల్షియం తక్కువగా ఉన్న గర్భిణులకు బి.పి. వల్ల వచ్చే ప్రమాదం కూడా తగ్గుతుంది. మన దేశంలో నాలుగో నెల నుంచి ఈ మాత్రలు ఇస్తారు. డాక్టరు చెప్పినట్లు భోజనం తరువాత వేయించండి. ఐరన్ మాత్రతో కలిపి వద్దు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి.

ఇంకొక్క మాట. మనిషి బిడ్డలో ఆ వెన్ను గొట్టం సుమారు 28 రోజులకే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భమని కూడా తెలియదు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పుడే ఫోలిక్ యాసిడ్ మాత్రల గురించి డాక్టరును అడగండి.

మాత్ర గుర్తుచేయడం, ధైర్యం చెప్పడం, ఈ రెండూ ఇంట్లోవారి బాధ్యతలే.